లింబాద్రి డబ్బాల ఇరవై రెండు సిమ్ములు

పొద్దుగాల ఐదున్నరకు కంపెనీ బస్సులు మూడూ గేటు దాటినయంటె అబూదాబీ ముసఫ్ఫా లేబర్ క్యాంపుల ఇగ మనిషి చప్పుడు ఉండదు. ఏసీలు గురుగురుమంటయి, తీగల మీద ఆరేసిన డాంగ్రీలు, అంటె పని మీద తొడిగే బట్టలు, గాలికి కొట్టుకుంటయి, అంతే. ఆ తర్వాతనే లింబాద్రి ఫోన్లు మోగుడు మొదలయితయి.

ఒకటి గాదు, పదకొండు.

లింబాద్రి ఆ క్యాంపు వాచ్‌మన్. యాభై ఒక్క ఏండ్లు. జగిత్యాల దిక్కు పల్లె. దుబాయ్ వచ్చి ఇరవై మూడేండ్లాయె. దుబాయ్ అంటె అబూదాబీనే, ఊర్లె మాత్రం అన్నీ దుబాయే. ముందట పద్నాలుగేండ్లు బిల్డింగులకు ఇనుప సలాక కట్టిండు. ఒకనాడు చెక్కల మీదికెళ్లి జారి నడుము పట్టుకపోయింది. ముదీర్, అంటె మేనేజరు, మంచోడు గాబట్టి ఇంటికి తోలకుండ గేటు కాడ కుర్చేసి కూసోబెట్టిండు.

గేటు పక్కన చిన్న అర్ర. అండ్ల కిటికీ కింద రస్కుల డబ్బా ఒకటి, మూత ఎన్నడో పోయింది. ఆ డబ్బాల పదకొండు బటన్ ఫోన్లు, ఒక్కోదాంట్ల రెండేసి ఊరి సిమ్ములు. మొత్తం ఇరవై రెండు. ప్రతి ఫోను వీపు మీద తెల్ల ప్లాస్టర్ ముక్క, దాని మీద బాల్‌పెన్నుతోని ఇద్దరిద్దరి పేర్లు.

సంగతేందంటె, క్యాంపుల ఉండేటోళ్లంత పోయేది ప్లాంటు పనికి. లోపట ఫోన్ తీస్కపోనియ్యరు, బస్సుల పెట్టి పోవాలె. వీళ్లు లోపటికి పోయినంకనే అక్కడ ఊర్ల బ్యాంకు తెరుస్తరు, మీసేవ తెరుస్తరు, గ్యాసు బండి వస్తది. ఆధారుకు, బ్యాంకుకు, రేషన్‌కు ఇచ్చింది మొగోని నంబరే నాయె. పెండ్లాం అక్కడ లైన్ల నిలబడి ఉంటది, ఓటీపీ వచ్చి ఇక్కడ బస్సు సీటు కింద పడి ఉంటది. ఇట్ల గాదని ఒకడు తన ఊరి సిమ్ము లింబాద్రికి ఇచ్చిండు. వాన్ని చూసి ఇంకొకడు ఇచ్చిండు. ఆరేండ్లల్ల డబ్బా నిండింది.

దీనికి లింబాద్రి పైస తీసుకోడు. గని ఒక రూలు పెట్టుకున్నడు. సిమ్ము ఇచ్చేటప్పుడు ఆ మనిషి ఇంటికి ఫోన్ కలిపి ఒక్కరితోని మాట్లాడియ్యాలె. పెండ్లామో, అమ్మనో, ఎవలో ఒక్కలు. "ఇగ నాకు రెండే గొంతులు తెలుసు. నీది, గామెది. మూడో గొంతుకు దేవుడు దిగొచ్చినా నంబర్ చెప్ప" అంటడు. ఈ రూలు ఉత్తగ రాలే. మొదట్ల ఒకసారి 'నేను ఆయన బావమరిదిని' అంటె నమ్మి చెప్పిండు. బావమరిది అబద్ధమాడలే, నిజంగ బావమరిదే. బావను ముంచిన బావమరిది. అప్పటికెళ్లి లింబాద్రి చెవి గట్టిపడ్డది. ఇరవై రెండు ఇండ్ల ఆడోళ్ల గొంతులు గుర్తుపడ్తడు. జలుబు చేసినా పడ్తడు, ఏడ్చినంక మాట్లాడినా పడ్తడు.

డబ్బాల అట్టడుగున ఉన్న ఫోను మీద ఒక పేరు 'హన్మంతు'.

హన్మంతు లింబాద్రి పక్క ఊరోడు. వయసుల పన్నెండేండ్లు చిన్న. లింబాద్రి తోని సలాక కట్టిండు, ఒకే అర్రల మీది బెడ్డు కింది బెడ్డు. 2020 జూన్‌ల కరోనా వచ్చి తొమ్మిది రోజులు దవాఖాన్ల ఉండి పోయిండు. విమానాలు లేవు, మట్టి ఇక్కడనే అయింది. సిమ్ము మాత్రం డబ్బాల ఉండిపోయింది. ఎందుకంటె ఇంటి గ్యాసు కనెక్షన్ ఆయన పేరు మీద, ఆయన నంబరు మీద. పెండ్లాం రాజమణి మార్పిద్దామని ఆఫీసుకు పోతె 'ఆయన్ను తీస్కరా' అన్నరట, చచ్చిపోయిండంటె 'అయితే ఆ కాయితం తే' అన్నరట, కాయితం తెస్తె 'ఇది అరబ్బీల ఉంది' అన్నరట. మూడుసార్లు తిరిగి ఆమె విడిచిపెట్టింది. గ్యాసు బండ వచ్చినప్పుడల్లా నాలుగు అంకెలు హన్మంతు ఫోనుకు వస్తయి, లింబాద్రి బోటిమ్ యాప్‌ల ఫోన్ చేసి ఆమెకు చెప్తడు. ఆర్నెల్లకోసారి రీచార్జి తనే చేస్తడు. ఒక్కనాడు సుత ఆమెకు చెప్పలే.

ఇగ పార్టీ సంగతికి వస్త.

ఒకప్పుడు లింబాద్రికి పార్టీ అంటె పానం. క్యాంపు క్యాంపు తిరిగి సభ్యత్వాలు రాపిచ్చింది ఆయనే. 'యాక్సిడెంట్ బీమా ఉంటది' అని చెప్పి రాపిచ్చిండు. హన్మంతు పోయినంక బీమాకు పెడితె 'కరోనా యాక్సిడెంట్ కిందికి రాదు' అన్నరు. ఆనాటికెళ్లి లింబాద్రికి పార్టీ మీద కోపం రాలే, అదేందో అలసటసోంటిది వచ్చింది. కోపమన్న అయితె దిగిపోతుండె.

2023ల ఎలక్షన్లు దగ్గరికొచ్చినయి. నియోజకవర్గం టికెట్‌కు ఇద్దరు పోటీ పడ్డరు. ఒకరు దక్షిణామూర్తి సారు, పోయినసారి నిలబడి ఓడిపోయిన పెద్దమనిషి. ఇంకొకరు డాక్టర్ శ్రీసుధ, పాత ఎమ్మెల్యే కోడలు. ఒకే పార్టీ, ఒకే జెండా, గని ఒకరి నీడ ఒకరి మీద పడితె స్నానం చేసేటంత. అక్కడ వాళ్లిద్దరు కొట్టుకుంటె ఇక్కడ ఎడారిల సుత రెండు ముక్కలైనయి. అసలు దుబాయ్‌ల కరామా కాడ విమానం టికెట్ల ఆఫీసు నడిపే రత్నాకర్ది దక్షిణామూర్తి వర్గం. అబూదాబీల పెద్ద కంపెనీల ఇంజినీరు ప్రసాద్ది శ్రీసుధ వర్గం. ఉన్న ఒక్క వాట్సాప్ గ్రూపు రెండు అయింది. రెండింటి పేరు ఒక్కటే, ఒకదానికి మాత్రం వెనుక 'అసలు' అని ఉంటది.

ఈ దేశంల జెండా పట్టుడు, మీటింగు పెట్టుడు నడువదు. అందుకే అన్నీ బర్త్‌డే డిన్నర్లే. ఆ ఏడు దక్షిణామూర్తి సారుకు కరామా హోటల్ మీది అంతస్తుల రెండుసార్లు పుట్టినరోజు అయింది. శ్రీసుధ మేడమ్ వర్గం ఊకుంటదా? ఆమె కొడుకుది, ఆమె పెండ్లిది, ఆఖరికి ఆమె దవాఖానది సుత చేసిన్రు. ప్రతిదానికి ఫోన్ల పోస్టర్ వస్తది. పైన పెద్ద తలకాయలు, కింద గుండ్రంగ చిన్న తలకాయలు. లింబాద్రి తలకాయ రెండు వర్గాల పోస్టర్లల్ల సుత కింద మూలకు ఉంటది. ఎవలూ అడుగలే. అదే పాత పాస్‌పోర్ట్ ఫోటో, మీసం నల్లగున్నప్పటిది.

గేటు ముంగట బకాలా, అంటె కిరాణా కొట్టు, నడిపే మీరావలికి ఇది రోజూ తమాషా. మీరావలిది రాయచోటి. పొద్దున బస్సులు పోయినంక పాలు లేని సులేమానీ చాయ్ రెండు గ్లాసులల్ల పోసుకొచ్చి గేటు అరుగు మీద కూసుంటడు.

"ఏమప్పా లింబాద్రన్నా, నిన్న రేత్రి ఇద్దరి పోస్టర్లలోనూ ఉండావే! మా వైపు అయితే ఇట్లాంటోన్ని రెండు పక్కలా కొడతారు."

"ఇక్కడ కొట్టరు భాయ్. ఫోన్ చేస్తరు."

"కొట్టేదే మేలు కదప్పా. ఒకసారి కొట్టి పోతారు."

లింబాద్రి నవ్విండు. నవ్వితే నడుము పట్టుకుంటది, అందుకే సగమే నవ్వుతడు.

ఆగస్టుల అసలు గత్తర వచ్చింది. పార్టీ పెద్దలు ఏం జేసిన్రంటె, 'ఈసారి టికెట్ మేము ఇయ్యం, సభ్యులే ఓటేసి తేల్చుకోండ్రి' అన్నరు. ఫోన్ల యాప్ పెట్టిన్రు. సభ్యత్వ నంబర్ కొట్టాలె, రాసిచ్చిన సిమ్ముకు ఓటీపీ వస్తది, అది కొట్టి ఇద్దర్ల ఒకరిని నొక్కాలె. గల్ఫోళ్లకు సౌకర్యం కావాలని శుక్రవారం పెట్టిన్రు. గల్ఫ్‌ల సెలవు శుక్రవారం అని వాళ్ల లెక్క. సెలవు ఆదివారానికి మారి ఏడాదిన్నర దాటింది, ఆ ముచ్చట పార్టీ ఆఫీసుకు ఇంక చేరలే.

గల్ఫ్ నుంచి ఓట్లు మొత్తం నూట ఎనభై. ఇటు తొంభై, అటు తొంభై అన్నట్టు ఉంది. లింబాద్రి డబ్బాల పంతొమ్మిది.

ఇగ చూడు ఫోన్లు!

మొదట ప్రసాద్ చేసిండు. సదువుకున్న మనిషి, మాట మెత్తగ ఉంటది.

"లింబాద్రన్నా, బాగున్నారా? నడుము ఎట్లుంది? చూడండి, నేను మిమ్మల్ని ఏం అడుగుత లేను. మీరు న్యూట్రల్‌గ ఉండండి చాలు."

"ఉంట సార్."

"అంటె... రత్నాకర్‌కు మాత్రం ఓటీపీలు ఇయ్యకండి."

"మీకు సార్?"

"మాకైతే అది వేరే కదన్నా. మాది పద్ధతి ప్రకారం."

లింబాద్రి ఫోను చెవి కాడికెళ్లి తీసి దాని దిక్కు ఒకసారి చూసి మల్ల పెట్టుకున్నడు. "సార్, ఎవలి సిమ్ము వాళ్లే అడగాలె. అడిగితె చెప్త. నాకు అంతే తెలుసు" అన్నడు.

రత్నాకర్ ఫోన్‌తోని ఊకోలే, గురువారం పొద్దుగాల కరామాకెళ్లి కారేసుకొని వచ్చిండు. రత్నాకర్‌కు లింబాద్రి మీద హక్కు ఉంది. నడుము పడ్డప్పుడు దవాఖాన్ల చేర్పిచ్చింది, ఇంటికి పోయే టికెట్‌కు ఒకసారి పైసలు అడుగనిది రత్నాకరే. పార్టీ పని ఇద్దరు కలిసి మొదలుపెట్టిన్రు. వస్తనే కుర్చీ మీద కూసోకుండ మంచం మీద కూసున్నడు, సొంతోని లెక్క.

"లింబన్నా, సక్కగ ముచ్చట చెప్త. హన్మంతు ఇల్లు సంగతి."

"ఏం ఇల్లు?"

"రాజమణికి ఇల్లు మంజూరు గావాలె గదా. రెండేండ్ల సంది అర్జీ అట్లనే ఉన్నది. దక్షిణామూర్తి సారుకు టికెట్ వచ్చిందనుకో, లిస్టుల మొదటి పేరు ఆమెదే. నా మాట. సారు మాట."

లింబాద్రికి రాజమణి ఉండే రేకుల ఇల్లు కండ్ల ముంగట తిరిగింది. పోయిన వానకాలం వీడియో కాల్ చేసినప్పుడు ఆమె వెనుక గిన్నెలు పెట్టి ఉండె, అన్నం వండుకునే గిన్నెలు కాదు, కారే నీళ్లు పట్టేటియి. ఆ గిన్నెల చప్పుడు ఆ రోజంత చెవుల్ల ఉండె.

"టికెట్ రాకుంటె?" అన్నడు.

"రాకుంటె ఎవలికి కావాలె చెప్పు ఆమె? ఆ డాక్టరమ్మకు హన్మంతు ఎవలో తెలుసా?"

అది నిజమే. లింబాద్రి తల ఊపిండు. రత్నాకర్ లేస్తూ భుజం మీద చెయ్యేసిండు. "రేపు పొద్దుగాల వస్త. నా పక్క మనుషులకు నేనే ఫోన్ కలిపిస్త. నీ రూలు నేనేం తప్పియ్య" అన్నడు.

సాయంత్రం బస్సులు వచ్చినంక లింబాద్రి ఒక్కొక్కరి దగ్గరికి పోయి చెప్పిండు, రేపు మధ్యాహ్నం ఎండ బ్రేక్‌ల బస్సు కాడికెళ్లి ఫోన్ చేయమని. కొందరు సరే అన్నరు. కొందరు బూట్లు ఇప్పుకుంట తలకాయ సుత లేపలే. ఒకడు "అన్నా, ఎవలకన్న ఏస్కో, నన్ను పండనియ్యి" అన్నడు. "నేనెట్ల ఏస్తరా" అంటె "మరి ఎయ్యకు" అని దుప్పటి కప్పుకున్నడు. ఆ మాటకు లింబాద్రికి కోపం రావాలె. రాలే. వాని మడిమలకు చెమట ఉప్పు తేలి ఉన్నది.

శుక్రవారం పది గొట్టంగ రత్నాకర్ వచ్చిండు. చేతుల కాయితాల లిస్టు, పెద్ద ఫోను. గేటు అర్రల ఏసీ కింద బైఠాయించి సభ్యత్వ నంబర్లు కొట్టుడు షురూ చేసిండు. డబ్బాల ఒక ఫోను టిక్కుమన్నది. ఇంకొకటి టిక్కుమన్నది.

"ఆగు రత్నాకరన్నా. మనిషిని పిలువనియ్యి ముందు."

"పిలుస్తున్న గదా, ఇగో!" రెండు మూడు సార్లు కొట్టి ఒకాయన్ను పట్టిండు, ఆయనది ఆ రోజు బస్సు డ్యూటీ. స్పీకర్ల పెట్టిండు. "లింబన్నా, నేనే. చెప్పే" అన్నది అవుతలి గొంతు. లింబాద్రికి ఆ గొంతు తెలుసు. చెప్పిండు. ఇంకొకరు జ్వరమొచ్చి క్యాంపులనే పండుకున్నడు, లేచి వచ్చి గోడ పట్టుకొని అడిగి, ఓటేసి, మల్ల పోయి పండుకున్నడు. రత్నాకర్ లిస్టుల రెండు టిక్కులు పెట్టుకున్నడు.

తర్వాత ఏం మాట్లాడకుండ ఒక నంబర్ కొట్టిండు.

డబ్బా అడుగుల ఫోను టిక్కుమన్నది.

ఆ ఫోను చప్పుడు లింబాద్రికి వేరే తెలుసు. నలభై రోజులకోసారి మోగేది, బండకు తప్ప మోగనిది. తీసి చూసిండు. ఆరు అంకెలు, పది నిమిషాలు. కింద పార్టీ పేరు.

"గిది హన్మంతుది" అన్నడు.

"అవు."

"హన్మంతు లేడు."

"లిస్టుల ఉన్నడు లింబన్నా." రత్నాకర్ గొంతు తగ్గిచ్చిండు. "నువ్వు రాపిచ్చిన సభ్యత్వమే. ఎవలూ కొట్టెయ్యలే. వాని ఓటు వాని పెండ్లాం ఇంటికి పనికొస్తది. ఇండ్ల తప్పేమున్నది? వాడు బతికుంటె నాకు ఏస్తుండెనా లేదా?"

ఏస్తుండె. హన్మంతు రత్నాకర్ ఎటు చెప్తె అటు ఏస్తుండె, అది సుత నిజమే. రత్నాకర్ చెప్పేదాంట్ల అన్నీ నిజాలే ఉన్నయి.

"ఒక్కసారి వానితోని మాట్లాడియ్యి. చెప్త" అన్నడు లింబాద్రి.

ఏసీ గురుగురుమంటున్నది. రత్నాకర్ కాయితం మడిచిండు, మల్ల తెరిచిండు.

"పరాచికాలా లింబన్నా?"

"రూలు అన్నా. వాని గొంతు గావాలె. లేకుంటె రాజమణి గొంతు."

"అయితె రాజమణికే కొట్టు! ఎనిమిది నిమిషాలున్నది. యల్లా!"

కొట్టిండు. ఆమె బీడీలు చుట్టే కాడ ఉన్నది, ఆకు కత్తిరించే చప్పుడు వినొస్తున్నది. రత్నాకరే ఫోను గుంజుకున్నంత పని చేసి స్పీకర్ల మాట్లాడిండు. ఓటు సంగతి, సారు సంగతి, ఇల్లు సంగతి, లిస్టుల మొదటి పేరు సంగతి. మంచిగ చెప్పిండు. లింబాద్రికే ఆశ పుట్టేటట్టు చెప్పిండు.

అవుతల కత్తెర ఆగింది.

"బావా, ఉన్నవా?" అన్నది రాజమణి.

"ఉన్న."

"ఆయన పేరు మీద ఇంక ఓటు ఉన్నదా?"

"ఉన్నదట."

"రేషన్ కార్డుల తీసేసిన్రు. పింఛన్‌కు పోతె కాయితం అరబ్బీల ఉందన్నరు. బీమా అడిగితె కరోనా అన్నరు. ఓటు కాడ మాత్రం బతికే ఉన్నడా బావా?"

రత్నాకర్ ఫోన్ల టైము చూస్తున్నడు.

"రాజమణీ," అన్నడు లింబాద్రి, "ఇది నీ సిమ్ము. నువ్వు చెప్పమంటె చెప్త. ఇల్లు సుత చిన్న ముచ్చట గాదు. ఆలోచన చేసి చెప్పు."

"అన్నా," అన్నది ఆమె రత్నాకర్‌ను, "ఇల్లు కాయితం ఇప్పుడు నీ దగ్గర ఉన్నదా?"

"ఇప్పుడెట్ల ఉంటదమ్మా? టికెట్ రావాలె, సారు గెలువాలె, అప్పుడు..."

"అట్లయితె ఆయన సుత అప్పుడే ఏస్తడు తియ్యి."

మల్ల కత్తెర చప్పుడు మొదలైంది. "బావా, ఆకు ఎండిపోతున్నది, పెడుతున్న" అని పెట్టేసింది.

రత్నాకర్‌కు మొఖం నల్లగైంది. పది నిమిషాలు అయిపోయేదాక కూసున్నడు, లింబాద్రి మారుతడేమో అని. మారలే. ఒకసారి మాత్రం లింబాద్రి చెయ్యి ఆ ఫోను మీదికి పోయింది. గిన్నెలు యాదికొచ్చినయి. అంకెలు సుత నోట్లెనే ఉన్నయి, ఒక్కసారి చూస్తె మరువడు ఆయన. ఫోను బోర్ల పెట్టి చేతులు మోకాళ్ల మధ్యల పెట్టుకున్నడు.

"ఇరవై ఏండ్ల దోస్తానా లింబన్నా" అన్నడు రత్నాకర్ లేస్తూ. "ప్రసాద్ ఎంత ఇస్తనన్నడు?"

లింబాద్రి లేచి గేటు తీసిండు, కారు బయటికి పోనీకి.

ఎండ బ్రేక్‌ల ఐదుగురు ఫోన్ చేసిన్రు. ఐదుగురికి చెప్పిండు. ఎవలు ఎవలికేసిన్రో అడుగలే. మిగిలినోళ్లు బస్సు సీట్ల కింద చల్లగుంటదని పండుకున్నరట. సాయంత్రం నాలుగున్నరకు, ఊర్ల ఆరు, ఓటు బంద్ అయింది. ఐదింటికి మీరావలి చాయ్ పట్టుకొచ్చి అడిగిండు.

"నువ్వెవరికి వేసినావన్నా?"

లింబాద్రి గ్లాసు పట్టుకొని అట్లనే ఆగిండు. తన ఊరి సిమ్ము సుత ఆ డబ్బాలనే ఉన్నది. పొద్దటికెళ్లి అందరివి చూసుకుంట తనది మరిచిపోయిండు.

"అల్లా!" అని మీరావలి అరుగు మీద కొట్టుకొని నవ్విండు. "నీ గొంతు నువ్వే గుర్తుపట్టలేదా అప్పా!"

రాత్రికి 'అసలు' గ్రూపుల రత్నాకర్ వాయిస్ పడ్డది. పేరు చెప్పలే. 'గేటు కాడ కూసున్న ఒక మనిషి మన ఓటీపీలు అవుతలోళ్లకు అమ్ముకున్నడు, మీ బ్యాంకులు సుత చూసుకోండ్రి' అన్నడు. ఆ ఒక్క మాట చాలు. గేట్లు చాన ఉన్నయి గని అందరికి ఒక్కటే గేటు యాదికొచ్చింది.

దాని మీద ప్రసాద్ వర్గం ఇంకో మేలు చేసింది. మర్నాడు వాళ్ల పోస్టర్ వచ్చింది, ఓటింగ్ మంచిగ జరిగిందని. లింబాద్రి తలకాయ కింద మూలకెళ్లి మధ్యలకు వచ్చింది, పెద్దగైంది. 'నిజాయితీకి నిలువుటద్దం' అని కింద రాసిన్రు. ఇగ నమ్మనోడు సుత నమ్మిండు.

మొదట వచ్చినోడు సిగ్గుపడుకుంట వచ్చిండు. "అన్నా, ఏమనుకోకు, మా ఇంటిది ఊకె అంటున్నది... సిమ్ము తీస్కుంట." లింబాద్రి ప్లాస్టర్ చూసి ఫోను వెనుక మూత తీసి సిమ్ము చేతుల పెట్టిండు. రెండోవాడు వస్తనే చెయ్యి చాపిండు. దుప్పటి కప్పుకున్నోడు సుత వచ్చిండు. వారంల డబ్బాల సిమ్ములు సగమైనయి. లింబాద్రి ఒకరిద్దరికి చెప్పబోయిండు గని, 'నేను గట్ల చెయ్యలే' అనే మాట నోట్లెకెళ్లి వస్తుంటెనే చేసినోని మాట లెక్క వినొచ్చింది. ఊకున్నడు.

మీరావలికి ఊకునుడు తెల్వదు. బకాలాకు వచ్చినోనికల్లా చెప్పిండు. "రేయ్, ఆ మనిషి తన ఓటే వేసుకోలేదురా! మీవి అమ్ముకుంటాడా?" వాళ్లు విన్నరు, బ్రెడ్డు కొనుక్కొని పోయిన్రు.

సెప్టెంబర్ ఆఖరికి టికెట్ ఖరారైంది. దక్షిణామూర్తి సారుకు రాలే. శ్రీసుధ మేడమ్‌కు రాలే. ఎదుటి పార్టీలకెళ్లి నాలుగు రోజుల కింద దుంకి వచ్చిన ఒక కాంట్రాక్టర్‌కు ఇచ్చిన్రు. యాప్ ఓట్లు ఏమైనయని ఎవలో గ్రూపుల అడిగితె, 'సలహా కోసమే పెట్టినం' అని పైకెళ్లి జవాబు వచ్చింది. ఆ శనివారం కరామాల కొత్తాయనకు బర్త్‌డే డిన్నర్ అయింది. ఫోటోల రత్నాకర్, ప్రసాద్ ఒకే పూలగుత్తి చెరో పక్క పట్టుకొని నవ్వుతున్నరు. వాట్సాప్ గ్రూపులు రెండు మల్ల ఒక్కటైనయి. కింద గుండ్రం తలకాయలల్ల లింబాద్రి లేడు.

"తీసేసినారే!" అన్నడు మీరావలి, ఫోన్‌ను వేళ్లతోని పెద్దగ చేసి వెతుక్కుంట.

"మంచిగైంది. ఆ ఫోటోల మీసం నాది గాదు ఇప్పుడు."

"వాళ్లిద్దరూ కలిసిపోయినారు కదా. ఇంగ నీ మీద పడిన మాట తీసేయమని అడుగు ఆ రత్నాకర్‌ను."

"ఏమని అడుగాలె భాయ్?"

మీరావలి చాయ్ గ్లాసులు ఏరుకొని పోయిండు.

అక్టోబర్‌ల ఎండ కొద్దిగ తగ్గింది. డబ్బాల సిమ్ములున్న ఫోన్లు మూడే మిగిలినయి. సిమ్ములు తీస్కపోయినోళ్ల పెండ్లాలు ఇద్దరు ముగ్గురు ఇంక అలవాటు కొద్ది లింబాద్రికే ఫోన్ చేస్తున్నరు. "అన్నా, బ్యాంకుల ఉన్న, నంబర్ వచ్చిందా?" అంటరు. "నా దగ్గర లేదమ్మా, మీ ఆయన కాడనే ఉంది. బ్రేక్ దాక ఆగు" అంటడు. అవుతల ఆమె లైన్లకెళ్లి పక్కకు జరిగి నిలబడేది, ఇక్కడికెళ్లే తెలుస్తది ఆయనకు.

ఒక పొద్దు బస్సులు పోయి గంటైనంక డబ్బా అడుగుల ఫోను టిక్కుమన్నది. లింబాద్రి అద్దాలు పెట్టుకొని చూసిండు. ఆరు గాదు, నాలుగు అంకెలు. రాజమణికి కొట్టిండు.

"బావా, బండాయన గేటు కాడ ఉన్నడు, నేనే చేద్దామనుకుంటున్న" అన్నది ఆమె. గొంతు ఆమెదే, కొంచెం దగ్గు కలిసింది.

"దగ్గేంది?"

"రేకులకు ప్లాస్టిక్ పట్టా కట్టిచ్చిన. దుమ్ము లేసింది. ఇల్లు లిస్టు వచ్చింది బావా పంచాయితీ కాడ. లేదు నా పేరు."

"నేను నాడు నోరిప్పుతే..." అన్నడు.

"ఇప్పుతే ఏముండె? వాళ్ల సారుకే రాకపాయె టికెట్. నంబర్ చెప్పు, ఆయన తొందర పెడుతున్నడు."

"రాస్కో. ఏడు."

"ఏడు."

"సున్నా."

"సున్నా."

"మూడు. మల్ల మూడు."

"మూడు, మూడు. అయింది." అవుతల బండ నేల మీద దించిన చప్పుడైంది. "పట్టా కింద పెట్టియ్యన్నా, మీద పడ్తది వాన" అని ఆమె ఎవలకో చెప్తున్నది. ఫోన్ పెట్టుడు మరిచింది. లింబాద్రి జర సేపు విన్నడు, తర్వాత తనే కట్ చేసిండు.

రీచార్జి గడువు ఇంకా పంతొమ్మిది రోజులున్నది. ఫోన్‌కు వైరు గుచ్చి డబ్బాల పెట్టి, నడుము పట్టుకొని లేచి, పాల వ్యాను వస్తె గేటు తీసిండు.